ఒకటి సున్న కాదన్నందుకు

మొన్న బిడ్డ బడి నుంచి ఫోనొచ్చింది. లెక్కలు చెప్పే మేడం. "మీ పాప ప్రతి వర్గ సమీకరణం ముందల ఒక లైను ఎక్కువ రాస్తున్నదమ్మా, 'x వర్గం ముందున్నది సున్న కావొద్దు' అని. ఎవరూ అడగలే గదా, టైం ఖరాబు" అన్నది. నాకు నవ్వొచ్చింది. "నేనే రాయమన్న మేడం. రాస్తది" అని చెప్పి ఫోను పెట్టేసిన. జర పొగరుగనే చెప్పిన, అవ్. ఆ లైను నాకు ఉత్తగ రాలే మరి.

మా అబ్బా, అంటే మా నాయిన, ఇబ్రహీంపట్నం అంగడిల మేకల బేరం చేసేటోడు. బడి లేని దినం నేను ఆయన ఎంబడి పోయేదాన్ని. దుమ్ము, మేకల వాసన, పక్కన కాగుతున్న మిర్చి బజ్జీల నూనె వాసన, అన్నీ కలిసి ముక్కుల కొట్టేవి. ఆ బజ్జీల ఆశకే పోయేదాన్ని, అబద్ధమెందుకు. వేరేటోళ్లు మేకను చూడంగనే రేటు కాడికి ఉరికేటోళ్లు. అబ్బా మాత్రం ముందుగాల మేక మూతి పట్టి, పెదవి లేపి, పండ్లు చూసేటోడు. అమ్మేటోడు "ఎంతిస్తవ్ చెప్పు భాయ్" అని ఎంత తొందరపెట్టినా సరే, వయసు తేలేదాక రేటు మాట ఎత్తేటోడు కాదు. ముసలి మేకకు ఎంత మంచిగ బేరమాడితే ఏం ఫాయిదా? ఆ అలవాటు నాకెప్పుడు అంటుకున్నదో నాకే తెల్వది.

పదో తరగతిల ఉన్నప్పుడు మా ఇంట్ల ఒక పంచాయితీ నడిచింది. నాకేమో హయత్‌నగర్ పోయి కాలేజీల ఎంపీసీ చదవాలని పానం కొట్టుకునేది. మా ఖాలా, అంటే అమ్మ చెల్లె, నాకోసమని కుట్టుమిషన్ తుడిచి పెట్టుకొని కూసున్నది. "ఆడపిల్ల రోజూ బస్సుల ఎట్ల పోయొస్తది?" అని ఆమె రంధి. ఆఖరుకు అబ్బా తీర్పు చెప్పిండు: "హాఫియర్లీ పరీక్షల లెక్కల ఫస్టొస్తే బస్సు. లేకుంటే మిషన్."

సెకండొచ్చిన.

ఒక్క లెక్క కాడ పోయింది. (k − 1)x² + 2(k − 1)x + 1 = 0 అనే వర్గ సమీకరణానికి మూలాలు సమానమైతే k ఎంత? సూత్రం పట్టుకొని చేసుకుంట పోతే k ఒకటి, లేకుంటే రెండు అని వస్తది. మా సారు క్లాసుల ఒక రివాజు ఉండె. జవాబు చుట్టూ డబ్బా కొట్టాలె, డబ్బా లేకుంటే మార్కు లేదు. అందరూ ఒకటిని, రెండును కలిపి డబ్బాల పెట్టిండ్రు. నేను ఒకటిని కొట్టేసి, రెండుకు మాత్రమే డబ్బా కొట్టిన. సారు నా లెక్క మొత్తానికే ఎర్ర గీత పెట్టిండు. పేపరు పట్టుకొని ఆయన కాడికి పోయిన.

"ఒకటి ఏడ పోయిందే?" అన్నడు.

"అది నడవది సార్. వర్గ సమీకరణమంటే x వర్గం ఉండాలె గదా. k ఒకటైతే x వర్గం ముందల సున్న, దాని పక్కన x ముందల గూడ సున్న. రెండూ పోతయ్. ఇగ మిగిలేది ఇది" అని బోర్డు మీద రాసిన: 1 = 0.

క్లాసంత గొల్లుమన్నది. సారుకు గదే ఎక్కడో తగిలింది. "గైడుల రెండు జవాబులున్నయ్. గైడు కంటే మొనగత్తెవా నువ్వు?" అని గరమైండు. మళ్ల ఏమనుకున్నడో, గొంతు తగ్గించి "సరే, ఒకటి గూడ డబ్బాల రాయి. మార్కులేస్త, ఫస్ట్ నువ్వే" అని పెన్ను నా చేతిల పెట్టిండు. ఒకటంటే ఎంత, ఒక్క నిలువు గీత. గీస్తే హయత్‌నగర్ బస్సు. "ఒకటీ సున్నా ఒకటే అని నేను రాయను సార్" అని పెన్ను బల్ల మీద పెట్టి, పోయి నా జాగల కూసున్న.

ఇంట్ల ఖాలా నెత్తి కొట్టుకున్నది. "రాస్తే నీ సొమ్మేం పోతుండెనే మొండిదానా?" అబ్బా మొఖం చిన్నగ చేసుకొని, "మాటంటే మాటే. సెకండొచ్చినవ్ బేటీ" అన్నడు.

నాకు ఏడుపు, రోషం రెండూ కలిసి వచ్చినయ్. "ఫస్టా సెకండా తర్వాత మాట్లాడుదాం. పేపరు సరిగ దిద్దిండ్రా లేదా ముందుగాల చూడు అబ్బా! పండ్లు చూడకుండనే రేటు చెప్తవా నువ్వు?"

అబ్బా చెయ్యి చాపి "చూపియ్యి" అన్నడు. ఆయనకు k తెల్వది, x తెల్వది. k ఉన్న కాడల్లా ఒకటి పెట్టి చూపిచ్చిన. ఒకటిల ఒకటి పోతే సున్న. సున్నను దేనితోని గుణించినా సున్నే. ఆఖరుకు మిగిలిన ఒకటి మీద వేలు పెట్టి, "ఇది సున్న ఎట్లయితది?" అన్నడు. "నేననేది గదే అబ్బా" అన్న. పేపరు మడిచి నా చేతికిచ్చి ఖాలా దిక్కు తిరిగిండు. "మిషన్ నువ్వే కుట్టుకో. పిల్ల బస్సెక్కుతది" అన్నడు.

ఎక్కిన. రెండేండ్లు రోజూ నిలబడే పోయిన, ఒక్కనాడు గూడ సీటు దొరికిన పాపాన పోలే. సారు ఆ మార్కులు వేయలే, నేను మళ్ల అడగలే. ఫస్ట్ అన్న పేరు ఇప్పటికీ ఇంకో పిల్లదే, ఉండనీ.

నిన్న బిడ్డ పేపరు తెచ్చింది. ఆ లైను కింద మేడం ఎర్ర గీత గీసింది. "మానెయ్యనా అమ్మీ?" అనడిగింది. "రాయి" అన్న. హయత్‌నగర్ రోడ్డు వెడల్పయింది, అబ్బా పోయిండు, నా జుట్టు నెరిసింది. ఇన్నేండ్లు గడిచినా ఒకటి మాత్రం ఇంకా సున్న కాలే.