గులాబీ రంగు ప్లాస్మా

2023లో మామిడి కోతల రోజులు. తిరుపతిలో ఒక క్యాన్సర్ పరిశోధన ల్యాబులో నేను టెక్నీషియన్‌ని. మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కొలవడం నా పని. ఇవి మన కణాల్లో ఉండే బుల్లి అణువులు. సొంతంగా ప్రోటీన్లు తయారు చేయవు కానీ, ఏ ప్రోటీన్ ఎంత తయారవ్వాలో అదుపు చేస్తాయి. వీటిలో ఒక రకం మితిమీరితే, కణం పెరుగుదలకు బ్రేకు వేసే ప్రోటీన్లు తగ్గిపోతాయి. బ్రేకు లేకుండా పెరిగే కణాలే క్యాన్సర్‌కు దారి. ఆ రకం రక్తంలో ఎంత ఉందో చూసి, జబ్బు తిరగబెట్టడాన్ని ముందే పసిగట్టగలమా అన్నది మా పరిశోధన. ఇంకా ఏదీ తేలలేదు.

బంగారుపాళ్యం మామిడి రైతు మునిరత్నం గారికి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ జరిగి ఏడాదైంది. మూడు నెలలకోసారి అక్కడి నర్సు రక్తం తీస్తే, ఆయన తమ్ముడు ట్యూబును బస్సులో తెచ్చేవాడు. "చల్లగా ఉంచి తీసుకురండి" అని చెప్పింది నేనే. ఎంత చల్లగానో చెప్పలేదు.

ఆ రోజు ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో పెట్టాను. రక్తాన్ని గిరగిరా తిప్పి కణాలను అడుక్కు దించే యంత్రం అది. పైన తేలే ప్లాస్మా లేత పసుపుగా ఉండాలి. గులాబీ రంగులో ఉంది. అంటే ఎర్రకణాలు పగిలాయి. వాటిలోనూ మేం కొలిచే అణువు ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. ఆ శాంపిల్ పారేయాల్సిందే. మళ్లీ తెప్పించడానికి బద్ధకించి పరీక్ష చేసేశాను. అంకె బాగా ఎక్కువొచ్చింది.

మర్నాడు మునిరత్నం గారు ఫోన్ చేశారు.

"ఎట్టుండాది మ్మా నా రక్తం?"

పరిశోధన ఫలితాలు పేషెంట్లకు చెప్పకూడదు. నా నోరు ఊరుకోలేదు. "కొంచెం ఎక్కువగా ఉందన్నా. డాక్టరు గారికి చూపించుకోండి."

"అంటే మల్లా వచ్చినట్టేనా?"

"అట్లని కాదు..." అని నసిగాను. ఆయన ఫోన్ పెట్టేశారు.

వారానికి తమ్ముడు ల్యాబుకొచ్చాడు. "అన్న తోట నరికిస్తా ఉండాడు మ్మా. నేను పోతే సూసేవాళ్లు ఎవురని, కట్టెలోళ్లకు ఇచ్చేసినాడు."

మొన్న ట్యూబు ఎలా తెచ్చావని అడిగాను.

"బస్సు తప్పిపోయినాది. సల్లగా ఉండల్లంటివి గదా, నేను పన్జేసే పల్ప్ ఫ్యాక్టరీ కోల్డ్ రూములో గంటసేపు పెట్టి తెచ్చినాను."

మామిడి గుజ్జును గడ్డకట్టించే గది అది. అందులో పెడితే ఎర్రకణాలు పగలక ఏం చేస్తాయి?

అప్పటికప్పుడు నరకడం ఆపమని అతని చేత ఫోన్ చేయించాను. డాక్టరు గారికి జరిగిందంతా చెప్పి, తిట్లు తిన్నాను. ఆయన చేయించిన స్కాన్‌లో ఏమీ లేదు. నేను తీసిన కొత్త శాంపిల్‌లో అంకె, గులాబీ ట్యూబుకు ముందు వచ్చినట్టే తక్కువగా ఉంది.

తర్వాత తోటకు వెళ్లాను. ముప్పై ఏళ్ల తోతాపురి చెట్లు సగం నేలమీదున్నాయి. మునిరత్నం గారు ఒక మొద్దు మీద కూర్చున్నారు.

"తప్పు నాదన్నా. శాంపిల్ చెడిందని తెలిసీ మీకు చెప్పాను," అన్నాను. ఏడుపొచ్చింది.

ఆయన పక్కనున్న రంపపు పొట్టును చేత్తో దులిపారు. "మల్లా అంట్లు నాటితే కాపుకు అయిదేండ్లు పడతాది. అంతదాకా ఉంటానా మ్మా?"

ఉంటారని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. "అది నాకు తెలీదన్నా. డాక్టరు గారిని అడగండి," అన్నాను.

ఆయన నా వైపు చూశారు.

"ఈ మాట ఆ పొద్దే సెప్పింటే సాలు గదమ్మా."