అరుణజ్యోతి వేయించిన తాళం

ఎల్బీనగర్ ల్యాబ్‌లో అరుణజ్యోతి పొద్దున్నే హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక కణాల్లోకి యాంటీబాడీ జీన్ ఎక్కించింది. ఏడాదిగా మొండికేసిన కణాలు ఈసారైనా యాంటీబాడీ తయారు చేస్తాయని ఆశ. సాయంత్రంలోగా జీన్ ఎక్కించిన ఘాటు మందునీళ్లు తీసి, కణాలకు మేతయ్యే కొత్త నీళ్లు పోయకపోతే అన్నీ చస్తాయి.

మధ్యాహ్నం తెలంగాణ బంద్ పిలుపొచ్చింది. ఆమే అందర్నీ బయటికి పంపి, గేటుకు తాళం వేయించి, రోడ్డు మీద బైఠాయించింది. నినాదాల హోరులో కణాల మాటే మరిచింది.

చీకటి పడబోతుండగా గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చింది.

"బిక్షమన్నా, జర తాళం తియ్యే! పది నిమిషాలల్ల వస్త!"

"ఎవరొచ్చి బతిమాలినా తియ్యొద్దని మీరే అంటిరి గద మేడం," అన్నాడు వాచ్‌మన్ బిక్షమయ్య. "గిప్పుడు మీరే బతిమాలవడ్తిరి."

"నా నోరు పడిపోను!" అంటూ గేటును తన్నింది.

వెనక ఊరేగింపు "జై తెలంగాణ" అని అరిచింది. పళ్లు కొరుకుతూనే, అలవాటుగా ఆమె పిడికిలి పైకి లేచింది.