కొత్త బ్రేకు షూలు ఎవరి బండిలో ఉన్నాయంటే

నా పాత బండికి రిజిస్ట్రేషన్ గడువు అయిపోవడంతో, ఈ రోజు రెన్యువల్‌ కోసం పాడేరు ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్ళాను. హారన్, లైట్లు, పొగ అన్నీ బాగానే ఉన్నాయన్నారు. వెనక బ్రేకు తొక్కితే మాత్రం బండి ఆగలేదు.

"షూలు పూర్తిగా అరిగిపోయాయి. ఘాట్‌రోడ్డులో దీనిమీద ఎలా తిరుగుతున్నారండీ?" అంటూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఫెయిల్ చేసేశారు.

పోయిన వారమే మా ఊరి మెకానిక్ సింహాచలం కొత్త షూలు వేశానన్నాడు. బ్రేకు సరిగ్గా పట్టడం లేదంటే, కుదురుకోవడానికి నాలుగు రోజులు పడుతుందన్నాడు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. వాడి మాట నమ్మి నిన్న మా అమ్మాయిని వెనక ఎక్కించుకుని ఘాట్ దిగాను.

ముందు బ్రేకుతో మెల్లగా తిరిగొచ్చి వాడినే అడిగాను.

"కొత్తవే ఏసాన్రా" అన్నాడు, తల ఎత్తకుండా. "టూరిస్టోడొకడు బొర్రా గుహలకి ఎల్లాల, బేగి సెయ్యమని మీద పడిపోనాడు. ఆడిదీ నీలాటి బండే. నీవి తీసి ఆడికేసీసి, పాతవి నీకెట్టీసినాను. నువ్వు మనోడివే కదా, ఏటీ అనుకోవని."

"నిన్న మా గుంటని ఎక్కించుకుని ఘాటీ దిగినాన్రా" అన్నాను.

వాడి చేతిలో పాన ఆగిపోయింది. నా మొహం కూడా తెలియని ఇంకో మెకానిక్ దగ్గరికి బండి తోసుకెళ్ళి, కొత్త షూలు బిగించేదాకా కదలకుండా చూస్తూ నిలబడ్డాను.

నేను ఎవరికీ 'మనోడి'ని కాకపోతేనే క్షేమమని ఈ రోజే అనిపించింది. మీ బండి బ్రేకులు ఎవరి చేతిలో పెడుతున్నారు?