ఇరుకు మూలలో చుక్క

ఆమెను అందరూ మూలమట్టం పెద్దమ్మ అంటారు. నిటారు మూల సరిచూసే ఆ L ఆకారపు ఇనుప పనిముట్టు చేతిలో లేనిదే గడప దాటదు. చదువు మూడో తరగతితో సరి. అయితేనేం, నలభై ఏళ్లుగా బండలు కోసి అమరుస్తోంది, ఒక్కటీ తిరిగి రాలేదు. ఈ మాట రోజుకు నాలుగుసార్లు చెబుతుంది. కోడలు ఇంట్లో ఉంటే ఐదుసార్లు. కోడలు కాలేజీలో లెక్కలు చెబుతుంది మరి!

ఈసారి ఒక సెలూన్ మూలలో కుళాయికి నల్లరాతి బండ కావాలి. నేలలోంచి లేచిన గొట్టం బండలోని కన్నంలోంచి పైకి రావాలి. ఆ రాయి ఒక్కటే మిగిలింది. కన్నం తప్పితే బండా పోయె, నలభై ఏళ్ల మాటా పోయె.

కొలత ముందురోజే అయింది. మూలమట్టాన్ని గోడ వెంట జరుపుకుంటూ పోతే, దాని చెయ్యి గొట్టానికి తగిలేసరికి ఎడమ గోడ మీద మూల నుంచి ఎనిమిది అంగుళాలు. కుడి గోడ మీద ఏడు. బండను మూల ఆకారానికి కోసేసింది కూడా. ఇక ఎడమ అంచు వెంట ఎనిమిది నడిచి, అక్కడి నుంచి కుడి అంచు వాలునే, దానికి సమాంతరంగా ఏడు నడిచి, సుద్దతో చుక్క పెట్టింది.

"అక్కడ కాదు అత్తయ్యా," అంది పక్కన నిలబడి చూస్తున్న కోడలు.

"ఓహో! నువ్వెన్ని కన్నాలు పెట్టావమ్మా ఇప్పటిదాకా?"

"ఒక్కటీ లేదు. మీ చుక్క నుంచే ఎడమ అంచుకు మూలమట్టం ఆనించండి. ఎనిమిది రావాలిగా?"

పదకొండున్నర వచ్చింది. మళ్లీ ఆనించింది. మళ్లీ అంతే.

"మూలమట్టం అరిగినట్టుంది."

"ఇనుమా, సబ్బా అత్తయ్యా, అరగడానికి?"

పెద్దమ్మకు నవ్వు రాబోయింది. మింగేసింది.

"ఇన్నాళ్లూ మీకు దొరికినవి నిటారు మూలలు," అంది కోడలు. "ఇది కత్తెర నోరులా ఇరుకు. ఇక్కడ ఒక అంచు వెంట రెండంగుళాలు నడిస్తే, రెండో అంచు మీద అంగుళం నీడ పడుతుంది. మీరు కొలిచింది నడక కాదు, నీడ. దాన్నే మేం డాట్ ప్రొడక్ట్‌తో లెక్కకడతాం. రెండు నీడలూ తెలిస్తే చుక్క దొరికినట్టే. ఎడమ అంచు వెంట ఆరు, కుడి వాలున నాలుగు. ఆరుకు నాలుగులో సగం కలిపితే ఎనిమిది. నాలుగుకు ఆరులో సగం కలిపితే ఏడు."

"నీ ఆరూ నాలుగూ నువ్వే ఉంచుకో," అని పెద్దమ్మ సుద్ద లాక్కుంది. ఎడమ అంచు మీద ఎనిమిది దగ్గర మూలమట్టం నిలిపి ఒక గీత గీసింది. కుడి అంచు మీద ఏడు దగ్గర నిలిపి ఇంకో గీత. రెండూ కలిసిన చోటును టేపుతో కొలిచింది, కోడలు చెప్పిన దారిలోనే. ఆరు. నాలుగు.

డ్రిల్లు ఆన్ చేసింది.

సాయంత్రం గొట్టం కన్నం నడుమ నుంచి బుద్ధిగా పైకొచ్చింది. సెలూన్ అతను, "ఈ వంకర మూలలో ఎలా కుదిర్చావు పెద్దమ్మా!" అన్నాడు.

"మా కోడలు చెప్పింది."

గుమ్మంలో నిలబడ్డ కోడలు, "అత్తయ్యా, ఇంకోసారి అనండి, సరిగ్గా వినబడలేదు," అంది.

"చెవులు కూడా నేనే కోసి అమర్చాలేమిటే? ఆ సిమెంటు తట్ట ఇటందించు!"