మావయ్యగారి మీద చాటుదెబ్బ

పెళ్ళయి ఆ ఇంటికి వెళ్ళిన రెండేళ్ళలో మావయ్యగారితో నేను మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "భోజనానికి లేవండి", "మందులు వేసుకున్నారా", "మీకోసం ఎవరో వచ్చారండి", అంతే. ఆయన వైపు నుంచి "ఆయ్" అనో "అలాగేనమ్మా" అనో వచ్చేది. కోపమేమీ కాదు. మండపేటలో ఒక రైసుమిల్లులో ముప్పై ఏళ్ళు మిషన్లు చూసుకున్న మనిషి ఆయన. ఆ మోతలో మాట్లాడి ప్రయోజనం లేదని అలవాటైపోయిందో ఏమో, ఇంట్లో కూడా గొంతు విప్పేవారు కాదు. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. రోజంతా అరిచే ఉద్యోగం. ఇంటికొచ్చి ఆయన ఎదురుగా నిలబడితే మాత్రం నా గొంతు నాకే వినపడేది కాదు.

ఆ వేసవిలో ఆయన మోటారుసైకిల్ మీద చేలోకి వెళ్తూ గట్టు దగ్గర జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. నాకు కాలేజీ సెలవులు. మా ఆయన భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తూ శనివారం వచ్చి సోమవారం వెళ్ళేవారు. అత్తయ్యగారు అన్నం తిని ఒక కునుకు తీస్తారు. ఇక మిగిలింది నేను, మావయ్యగారు, తిరుగుతున్న ఫ్యాను.

ఒక మధ్యాహ్నం ఏమీ తోచక బీరువా పైన ఉన్న కార్డుల డబ్బా దింపాను. పెళ్ళికి ముందు మేం హైదరాబాదులో చదువుకునేటప్పుడు మా ఆయన నాకు నేర్పిన ఆట అది. రంగురంగుల బొమ్మలు, ఒక్కో కార్డు మీద ఒక్కో సైనికుడో జంతువో మంత్రమో ఉంటుంది. భోజనాల బల్ల మీద వాటిని పరిచి కొత్త కట్ట పేర్చుకుంటున్నాను. వెనక నుంచి గొంతు వినపడింది.

"ఏంటమ్మా అవి? పేకలు కాదు కదా?"

ఉలిక్కిపడి లేచి నిలబడ్డాను. "కాదండి మావయ్యగారూ. ఇది వేరే ఆట. యుద్ధంలాంటిది."

ఆయన వచ్చి కూర్చున్నారు. ఎడమ చేత్తో ఒక కార్డు తీసి దూరంగా పెట్టి చూశారు. పచ్చటి పొలం బొమ్మ. "ఇది దేనికి?"

"ముందు పొలాలు వేసుకోవాలండి. వాటి నుంచి శక్తి వస్తుంది. ఆ శక్తితోనే సైనికుల్ని దింపాలి."

"అయితే పొలం లేనోడు ఏం చెయ్యలేడన్నమాట." ఆయన మొహంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది. "కూర్చోమ్మా. ఎలా ఆడాలో చెప్పు."

ఒక చేత్తో అన్ని కార్డులు పట్టుకోలేకపోయారు. వంటింట్లోకి పరిగెత్తి కంచాల స్టాండు తెచ్చి ఆయన ముందు పెట్టాను. కంచాలు నిలబెట్టే ఆ సందుల్లో ఆయన కార్డులు బుద్ధిగా నిలబడ్డాయి. ఇద్దరికీ ఇరవై ప్రాణాలు. నా సైనికుడు దాడికి వస్తే ఆయన తన సైనికుణ్ణి అడ్డం పెట్టొచ్చు, లేదా వదిలేసి ఆ దెబ్బ తన ప్రాణాల్లోంచి పోగొట్టుకోవచ్చు. దాడికి వెళ్ళినవాడు అలిసిపోతాడు, మళ్ళీ మన వంతు వచ్చేదాకా కాపలా కాయలేడు. పది నిమిషాల్లో ఆయనకి పట్టు దొరికింది.

అప్పుడు నేను ఒక ఎలుకని దాడికి పంపాను. ఒక్క ప్రాణం మాత్రమే తీయగల చిన్న ఎలుక. ఆయన దాన్ని చూసి చెయ్యి ఊపారు. "పోనీలే, ఒకటే కదా. రానివ్వు."

"వదిలేశారాండి?"

"వదిలేశాను."

నేను ఎలుకని వెనక్కి తీసుకుని చేతిలో పెట్టుకున్నాను. దాని స్థానంలో నల్లముసుగు మనిషి కార్డు పెట్టాను. "ఇతను నాలుగు తీస్తాడండి."

ఆయన కార్డు వంక చూశారు, నా వంక చూశారు. "అదెలా కుదురుద్దమ్మా? నేను వదిలేసింది ఎలకని కదా!"

"ఈ కార్డు గుణమే అదండి. ఎవరూ అడ్డుకోకుండా లోపలికి వచ్చినవాడు ఎవడైనా ఉంటే, వాణ్ణి వెనక్కి పిలిచి వాడి బదులు ఇతన్ని దింపొచ్చు. అప్పటికే గుమ్మం దాటేశాడు కాబట్టి ఇక ఆపడానికి లేదు."

ఇంటి పెద్దని మోసం చేసినట్టయింది. ఆయన స్టాండు పక్కకి జరిపారు. అయిపోయింది, లేచిపోతారనుకున్నాను. ఆయన తల వెనక్కి వాల్చి నవ్వారు. రెండేళ్ళలో నేనా నవ్వు వినలేదు. "ముప్పై ఏళ్ళు మిల్లులో ఎలకలతో యుద్ధం చేశాను. ఇక్కడ చూస్తూ చూస్తూ వదిలేశాను! మళ్ళీ పంచమ్మా. మళ్ళీ పంచు."

ఆ గుణానికి చాటుదెబ్బ అని పేరు పెట్టింది ఆయనే. వారం తిరిగేసరికి నా కట్టలోని ముసుగు మనుషుల్లో సగం ఆయన కట్టలోకి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఎలుకలు ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ తిరిగేవి. దేన్ని ఆపాలో దేన్ని వదలాలో తెలియక ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. ఆయన వదిలేయబోయి, ఆగి, నా మొహంలోకి చూసి, "ఉహూ, ఆపుతున్నాను" అనేవారు. సరిగ్గా నా చేతిలో ముసుగు మనిషి ఉన్నప్పుడే ఆపేవారు.

"ఎలా తెలుస్తుందండి మీకు?" అని ఒకరోజు పౌరుషంగా అడిగాను.

"అది చేతిలో ఉంటే నువ్వు మాట్లాడ్డం మానేస్తావమ్మా. లేకపోతే గలగలా వాగుతానే ఉంటావు." అనేసి, వాగుతావు అన్నందుకు కాస్త నొచ్చుకుని, "అదే, మాట్లాడతా ఉంటావు" అని దిద్దుకున్నారు. నాకు మాత్రం ఆ మొదటి మాటే బాగుంది.

గొడవ మూడో వారంలో వచ్చింది. కిటికీలోంచి మమ్మల్ని చూసిన పక్కింటావిడ ఎవరితోనో అంది. అది తిరిగి తిరిగి అత్తయ్యగారి దగ్గరికి వచ్చేసరికి, మావగారూ కోడలూ తలుపులేసుకుని పేకాట ఆడుతున్నారని తయారైంది. అత్తయ్యగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఏవండీ, మీ వయసేంటి, మీరు చేసే పనేంటి? ఆ పిల్లకి రేపు కాలేజీలో ఎంత చిన్నతనం!"

నేను కార్డులు డబ్బాలో పెట్టేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మావయ్యగారు లేచి, ఎడమ చేత్తో బల్ల ఒక పక్క పట్టుకుని, "ఆ పక్క పట్టమ్మా" అన్నారు.

"ఎక్కడికండి?"

"అరుగు మీదకి."

బల్లని అరుగు మీదకి తెచ్చాం. వీధిలోకి ఎదురుగా కుర్చీలు వేశాం. కంచాల స్టాండు మధ్యలో పెట్టి ఆయన దర్జాగా కూర్చున్నారు. పక్కింటావిడ కొళాయి దగ్గర బిందె పెట్టి ఇటే చూస్తోంది. "రండమ్మా, దగ్గరికొచ్చి చూడండి," అని ఆయనే పిలిచారు. "మా కోడలు నాకు యుద్ధం నేర్పుతోంది. ఇదిగో, దీన్ని చాటుదెబ్బ అంటారు."

ఆవిడ నిజంగానే వచ్చింది. నేనే మొదలుపెట్టి పొలాలూ ఎలుకలూ ముసుగు మనుషులూ అన్నీ చెప్పాను. చెప్తుంటే నాకే హుషారొచ్చింది. ఆవిడ పావుగంట నిలబడి, "అయితే డబ్బులు పెట్టరన్నమాట" అని తేల్చుకుని వెళ్ళిపోయింది. ఆ మాట వీధి చివరిదాకా ఆవిడే మోసి ఉంటుంది, మళ్ళీ ఎవరూ ఏమీ అనలేదు. అత్తయ్యగారు ఇంకో కంచాల స్టాండు కొనుక్కున్నారు.

రాజమండ్రిలో ఒక పుస్తకాల కొట్టు పై అంతస్తులో ఈ ఆట పోటీ పెడుతున్నారని మా ఆయన ఫోన్లో చెప్పారు. ఆదివారం. "వెళ్ళిరా, సరదాగా ఉంటుంది" అన్నారు. మావయ్యగారికి చెప్తే, కట్టు విప్పిన మణికట్టుని తిప్పి చూసుకుంటూ, "ఎంతమందిని రానిస్తారు?" అని అడిగారు. అదే ఆయన వస్తానని చెప్పిన తీరు.

మేం వెళ్ళేసరికి ఇరవై మంది దాకా ఉన్నారు. దాదాపు అందరూ ఇంజనీరింగు కుర్రాళ్ళు. ఇస్త్రీ పంచె, తెల్లచొక్కా, చంకలో కంచాల స్టాండు, ఆ వేషంతో మావయ్యగారు మెట్లెక్కి రాగానే అందరి తలలూ అటే తిరిగాయి. మణికట్టు ఇంకా బలం పుంజుకోలేదని నేను నిర్వాహకుడికి చెప్పాను. అతను స్టాండుని అటూ ఇటూ తిప్పి చూసి, ఎదుటివాళ్ళకి కార్డులు కనపడవని నిర్ధారించుకుని, "పెట్టుకోండి సార్" అన్నాడు.

మొదటి ఆటలో మావయ్యగారి ఎదురుగా కూర్చున్న కుర్రాడు ఆయనకి రూల్సు వివరించబోయాడు. ఆయన చివరిదాకా వినయంగా విన్నారు. తర్వాత అతని మీదకి ఒక ఎలుకని పంపారు. "ఒకటే కదా అంకుల్, వదిలేస్తున్నా" అన్నాడు అతను. పక్క బల్ల దగ్గర నా ఆట మర్చిపోయి నేను పెదవి కొరుక్కున్నాను. ఆయన ఎలుకని తీసి ముసుగు మనిషిని పెట్టారు. ఆ కుర్రాడి నోరు తెరుచుకుపోయింది. ఇద్దరం మొదటి ఆట గెలిచాం, రెండోదీ గెలిచాం. మూడో ఆటకి గోడ మీద జతలు అతికించారు. నా పేరుకి ఎదురుగా ఆయన పేరుంది.

"రామ్మా," అన్నారు బల్ల చూపిస్తూ. కళ్ళు మెరుస్తున్నాయి. "మొహమాటం పెట్టుకోకు."

అరగంట గడిచేసరికి మా చుట్టూ జనం మూగారు. నాకు ఐదు ప్రాణాలు మిగిలాయి, ఆయనకి నాలుగు. ఆయన దగ్గర ఒకే ఒక్క ఏనుగు ఉంది, ఐదు తీయగలదు. నా దగ్గర ఒకే ఒక్క విషపు ఎలుక. అది తీసేది ఒకటే. కానీ దానికి అడ్డొచ్చినవాడు ఎంతటివాడైనా దానితోపాటే చస్తాడు. ఏనుగుని మాత్రం అది ఆపలేదు, ఎందుకంటే ఆ ఏనుగుకి చిన్న జంతువులు అడ్డం రాకూడదని కార్డు మీదే రాసి ఉంది. అంటే ఆయన వంతు వస్తే నేను పోయినట్టే. నా చేతిలో రెండు కార్డులున్నాయి. రెండూ పొలాలే.

ఒక్కటే దారి కనిపించింది. ఎలుకని దాడికి పంపాలి. ఆయన దాన్ని వదిలేస్తే నేను అయిపోయాను. నా చేతిలో ముసుగు మనిషి ఉన్నాడని భయపడి ఏనుగుని అడ్డం పెడితే ఏనుగు చస్తుంది. అంటే ఆయన్ని నమ్మించాలి. మావయ్యగారికి ఒక్క అబద్ధం కూడా చెప్పి ఎరగను. ఎలుకని ముందుకి జరిపాను. ముసుగు మనిషిని దింపే శక్తికి నాలుగు పొలాలు సిద్ధంగా ఉన్నాయన్నట్టు వరసగా సర్దాను. నోరు మూసుకున్నాను.

ఆయన ముందుకి వంగారు. "ఉందామ్మా?"

నేను మాట్లాడలేదు.

"అడుగుతుంటే చెప్పవేం?"

బల్ల వంక చూస్తూ కూర్చున్నాను. ఆయన ఏనుగు కార్డు మీద వేలు పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు. వెనక నిలబడ్డ కుర్రాళ్ళలో ఒకడు "వదిలెయ్యండి అంకుల్" అని గొణిగాడు. ఆయన వినిపించుకోలేదు. ఏనుగుని ముందుకి తోసి, "ఆపుతున్నాను" అన్నారు.

ఏనుగూ ఎలుకా రెండూ బల్ల మీద నుంచి లేచిపోయాయి. ఆ తర్వాత నాలుగు వంతులకి నాకో మంచి సైనికుడు దొరికాడు, ఆయనకి పొలాలు తప్ప ఏమీ రాలేదు. ఆట నాది. లేవబోతూ ఆయన, "ఇందాక నీ చేతిలో ఏముందో చూపించమ్మా" అన్నారు.

ఆ రెండు పొలాలూ చివరిదాకా నా చేతిలోనే ఉన్నాయి. తిప్పి బల్ల మీద పెట్టాను.

ఆయన వాటి వంక చాలాసేపు చూశారు. తర్వాత అరచేత్తో బల్ల మీద గట్టిగా కొట్టి లేచి నిలబడ్డారు. "రెండు చెక్కల పొలం పెట్టుకుని నా ఏనుగుని చంపిందండీ మా కోడలు!" హాలంతా గొల్లుమంది. ఆయన ఫోను తీసి అక్కడి నుంచే కొడుక్కి చేశారు. "ఒరేయ్, మీ ఆవిడ నన్ను నిలువునా మోసం చేసింది రా!" కొడుక్కి పతకం వచ్చినప్పుడు తండ్రి చెప్పే గొంతుతో చెప్పారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

తర్వాతి ఆటలో నేను పది నిమిషాల్లో చిత్తుగా ఓడిపోయాను. మావయ్యగారు తనది గెలిచారు; ఇద్దరివీ మూడేసి గెలుపులే అయినా, ఎదుటివాళ్ళ బలాన్ని బట్టి వేసిన లెక్కలో ఆయన నాకంటే పై స్థానంలో నిలిచారు. దాని గురించి ఆయన ఒక్క ముక్క కూడా అనలేదు.

సాయంత్రం బస్టాండులో నిలబడ్డాం. "నేను వదిలెయ్యాల్సింది" అన్నారాయన.

"మీరు వదలరండి. నాకు తెలుసు."

"ఎందుకు వదలను? ఇంకొక్క క్షణం ఆలోచిస్తే వదిలేద్దును."

"ఆలోచించే కొద్దీ మీకు భయమే ఎక్కువవుతుంది మావయ్యగారూ! నిన్న అరుగు మీద కూడా అంతే చేశారు."

"నిన్నటి సంగతి వేరు. నిన్న నాకు పది ప్రాణాలున్నాయి."

"పది కాదు, ఎనిమిది!"

నా గొంతు ఎంత పెరిగిందంటే, పక్కన అరటిగెల పెట్టుకుని కూర్చున్న ఒకాయన తలెత్తి చూశాడు. నేను తగ్గలేదు. మావయ్యగారూ తగ్గలేదు. జేబులోంచి పెన్ను తీసి, నిన్నటి ఆటని టికెట్టు కాగితం వెనక గీసి చూపించడం మొదలుపెట్టారు. మండపేట బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కారు, కండక్టరు రైట్ చెప్పాడు, బస్సు వెళ్ళిపోయింది. మేం ఇంకా ఎనిమిదా పదా అన్న దగ్గరే ఉన్నాం.