గోపాల్‌పేట జాడీలో రెండు ఉసిళ్లు

పురుగును సాక్ష్యానికి పిలవొద్దని రాఘవులు ముందే చెప్పాడు. “రేపది ఎదురు సాక్ష్యం చెప్తే ఏంజేస్తవురా?” అన్నాడు. నేను వినలేదు. ఈ ప్రయాణం అందుకే.

రాఘవులు నా స్నేహితుడు, వనపర్తిలో జీవశాస్త్రం చెప్పేవాడు. పుట్టింది గద్వాల మగ్గాల ఇంట్లో, పెళ్లాడింది వీపనగండ్ల రైతుల అమ్మాయి సుశీలను. పన్నెండేళ్లయినా పిల్లల్లేరు. కులం తప్పిన కడుపు పండదని ఇరువైపుల వాళ్లూ తేల్చేశారు. ఈ ఏడు తొలకరికి అతడు గోపాల్‌పేటలో రెండు జాతుల ఉసిళ్లను, అంటే రెక్కల చెదలను, జంటగా ఒక మట్టి జాడీలో, పోలికకు ఒకే జాతి జంటను ఇంకో జాడీలో పెట్టి, ‘రెండు నెలలు కదపొద్దు’ అని కాగితం అంటించాడు. మూడు వారాలకే గుండె ఆగి పోయాడు. సంతాప సభలో ఇరువైపుల చుట్టాల ముందు నేను సవాలు విసిరాను: చెదలు కలిశాయి, పిల్లల్నీ చూపిస్తాను, అప్పుడేం మాట్లాడతారో చూస్తాను. ముందు వరుసలో సుశీల విన్నది. గడువు నాడు తనూ వస్తానన్నది.

పొద్దున ఆరున్నరకు గద్వాల ఇంటికి వెళ్తే, రాఘవులు పెదనాన్న మగ్గం గుంటలోంచి తలెత్తకుండానే అన్నాడు: “మొగడు పోయి రెండు నెలలు కాలె, పురుగుల పిల్లలను చూడ పోతుంది. పో బిడ్డా, పురుగులకైన పిల్లలయితయేమో.”

నేను నోరు తెరవబోయాను. సుశీల “బస్సు పోతది అన్నా” అని గడప దాటింది.

ఏడు గంటల బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా తొమ్మిదిన్నరకు వనపర్తి చేర్చింది. అక్కడ నాగర్‌కర్నూల్ బస్సెక్కితే గోపాల్‌పేట ఎంతోసేపు పట్టదు. దారిలో సుశీల ఒక్కటే అడిగింది: “పిల్లలు తల్లి లెక్కుంటయా, తండ్రి లెక్కుంటయా?”

“నాకూ తెల్వదమ్మా.”

జాడీలు బాలమ్మ ఇంట్లో ఉన్నాయి. ఆమె ఏటా ఉసిళ్లు పట్టి వేయిస్తుంది. “ఒక పుట్ట పొద్దుగూకంగ లేస్తది, ఇంకోటి తెల్లారంగ. ఒకదాని మొఖం ఒకటి చూడయి సారూ,” అన్నది. “నేనే ఆ తెల్లారు పుట్ట మీద గొంగడి కప్పి, నీళ్లు చల్లి, ఉరిమినట్టు డబ్బా కొట్టిన. ఎక్కువ దొరుకుతయని ఆశకు పోయి మాపటికే లేపిన. రెండూ కలిసె. రాఘవులు సారు నవ్విండు చూడు, చిన్నపిలగాని లెక్క.”

ముందు ఒకే జాతి జంటను పెట్టిన జాడీ తెరిచాం. తెల్లటి పిల్లలు కదిలాయి. రెండోది సుశీల తనే తెరిచింది. గుడ్లున్నాయి. పసుపు తిరిగి, ముడుచుకుపోయి. ఒక్కటీ పగల్లేదు.

“అంతే బిడ్డా,” అన్నది బాలమ్మ మెల్లగా.

చెదలవి రెండు జాతులు. మగ్గం నేసేవాడిదీ నాగలి పట్టేవాడిదీ ఒకటే జాతి. చెప్పాల్సింది ఇంత చిన్న మాట. అది చెప్పక, ఆ మూర్ఖులతో పాటు నేనూ పురుగుల్లో కులం వెతికాను. గెలవాలన్న యావలో, పిల్లల్లేని మనిషిని గుడ్లు లెక్కపెట్టే చోటికి నేనే తీసుకొచ్చాను. నా కోపం ఇప్పుడు ఎవరి మీదో మీరే అనుకోండి.

సుశీల చాలాసేపు వంగి చూసింది. గుడ్ల పక్కన రెక్కలు రాల్చుకున్న ఆ రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, బతికే.

“మూత పెట్టన్నా. వాటికి వెలుతురు పడదు,” అన్నది. “ఇద్దరున్నరు గద.”

ఉసిళ్లు చూడాలనుకుంటే తొలకరి పడిన నాడు పొద్దుగూకక ముందే గోపాల్‌పేట చేరండి, తెల్లారేదాకా ఆగండి. రెండు పుట్టలూ వాటి వేళకు అవే లేస్తాయి. డబ్బా కొట్టకండి.