మనవరాలి యాప్‌కి నా సర్టిఫికెట్

అమెరికాలో, శాంటా క్లారాలో మా మనవరాలు సాహితి కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరంలో ఉంది. వాళ్ల యూనివర్సిటీలో కంపెనీలే పిల్లలకి ప్రాజెక్టులిచ్చి, పని నచ్చితే ఉద్యోగమూ ఇస్తాయి. సాహితి వాళ్లు ముసలివాళ్లకి మాత్రలు గుర్తుచేసే యాప్ చేశారు. వాడి చూడాల్సిన ముసలివాణ్ణి నేను.

ఆఖరి రోజు యూనివర్సిటీ హాల్లో అందరి ముందూ ప్రాజెక్టు చూపిస్తుంటే కంపెనీ మేనేజరు, మన తెలుగావిడే, "ఎలా ఉంది అంకుల్?" అంది. మనవరాలి ఉద్యోగం కదా, రెచ్చిపోయాను.

"ఇది లేకపోతే ఈపాటికి నా ఫోటోకి దండ పడేదమ్మా! మా వీధి మొత్తానికీ నేనే నేర్పాను."

"అయితే ఒకసారి ఓపెన్ చేసి చూపించండి" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

యాప్ పాస్‌వర్డ్ అడిగింది. హాలంతా నన్నే చూస్తోంది. తోచిందేదో కొట్టాను, తెరుచుకోలేదు.

"పాస్‌వర్డ్ మొదటిరోజే మరచిపోయానమ్మా. అసలు వాడనే లేదు. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని బాగుందన్నాను" అని ఒప్పేసుకున్నాను.

"తాతయ్యా, సీరియస్లీ?" అంది సాహితి.

మేనేజరు పకపకా నవ్వి, "మతిమరుపువాళ్ల యాప్‌కి పాస్‌వర్డ్ ఎందుకు పెట్టావమ్మా? అది మార్చి వచ్చేవారం చూపించు" అంది. మార్చింది, ఉద్యోగం వచ్చింది.

ప్రేమకొద్దీ పొగిడితే పిల్లలకే నష్టమని ఆరోజు తెలిసొచ్చింది. ఇప్పుడు సాహితి చేసే ఉప్మా గురించి కూడా ఉన్నమాటే చెబుతున్నాను. అది మాత్రం ఆ పిల్లకి నచ్చడం లేదు.